పన్నెండో కుండ

ముగ్గులంక అనే ఊళ్లో, కాలవ గట్టు పక్కన ఉన్న పూతరేకుల పాకలో పనిచేసే నూకరత్నానికి చేతిలో ఎంత నేర్పు ఉండేదో, నోటిలో అంత మొహమాటం ఉండేది. ఎవరైనా తన కాలు తొక్కితే, "అయ్యో, నా కాలు మీకు అడ్డొచ్చిందాండి?" అని అడిగేది. సంతలో కూరగాయలవాడు పుచ్చు వంకాయలు అంటగడితే మారుమాట లేకుండా తెచ్చుకుని, ఇంట్లో పురుగులు ఏరుకుంటూ కూచునేది. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా, ఆమె దాన్ని నోరు మూసుకుంటే ఊరు మంచిది అని అర్థం చేసుకున్నట్టుంది.

పూతరేకు తినడం అందరికీ తెలుసు, తీయడం కొందరికే తెలుసు. బియ్యం నానబెట్టి, నీళ్లలా పల్చగా రుబ్బుతారు. నున్నటి పెద్ద కుండను పొయ్యి మీద బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. పల్చటి గుడ్డను ఆ పిండిలో ముంచి, వేడి కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. రెప్పపాటులో ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది.

ఆ పాకలో పన్నెండు కుండలు, పన్నెండుమంది ఆడవాళ్లు ఉండేవారు. ఎవరి కుండ వారు కుమ్మరి దగ్గర తట్టి, నిమిరి, ఏరి తెచ్చుకునేవారు. పదిహేను రోజులు దానికి నూనె పట్టించి, సన్నసెగ మీద కాచి మచ్చిక చేసుకునేవారు. ఆ తర్వాత ఆ కుండ దగ్గర ఇంకొకరు కూచునేవారు కాదు. అది పట్టింపు కాదు, పనిలో ఉన్న కిటుకు. ఒక కుండ ఎడమ పక్క త్వరగా వేడెక్కుతుంది, ఇంకో కుండ నడిమధ్య ఆలస్యంగా కాగుతుంది. ఏ కుండ గుణం ఏమిటో దాన్ని మచ్చిక చేసిన చేతికే తెలుస్తుంది. నూకరత్నం తన కుండ దగ్గర ఇరవై రెండేళ్లుగా కూచుంటోంది. కుండలు పగిలి మారాయి గానీ ఆ చోటు మారలేదు.

పాక యజమాని పేరిందేవమ్మ గారు ఒకప్పుడు ఒక్క కుండతో ఈ పని మొదలుపెట్టిన మనిషి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు ముదిరాయి. రాజమండ్రిలో కూతురి దగ్గర కొన్నాళ్లు ఉండి వైద్యం చేయించుకోవడానికి వెళ్తూ, సదాశివం అనే అతన్ని మేనేజరుగా పెట్టి వెళ్లారు.

సదాశివం అంతకు ముందు పదిహేనేళ్లు సిమెంటు గోడౌను చూసుకున్నాడు. అక్కడ ఏ బస్తా ఎవరు మోసినా ఒకటే. బస్తాకి అలకలుండవు. మనిషి చెడ్డవాడేమీ కాదు. కానీ తనకు తెలియనిది కూడా లోకంలో ఒకటి ఉంటుందని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దానికి తోడు ఇంకో గుణం ఉంది. పని బాగా జరిగితే "నా పద్ధతి" అనేవాడు, చెడితే "మీ చేతులు" అనేవాడు.

వచ్చిన మొదటి వారమే అతను ఒక గంట తెచ్చి దూలానికి కట్టాడు. రెండో రోజు సున్నం తడిపి, కుండలన్నిటికీ అంకెలు వేశాడు. అది కూడా బాగా కనపడాలని సరిగ్గా కుండ వీపు మీద వేశాడు. రేకు లేచేది అక్కడే కదా అని నూకరత్నం చెప్పబోయింది. నోరు తెరిచింది. సదాశివం తలెత్తి చూసేసరికి ఆవులించినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున మొదటి రేకు లేచింది. దాని మీద ఏడో అంకె తిరగబడి అచ్చుపడింది.

"ఇది తింటే ఏడో ఎక్కం నోటికొస్తుందండి," అంది బుల్లెమ్మ. బుల్లెమ్మది పన్నెండో కుండ. ఆమె నాలుక ఎప్పుడూ పదును పెట్టినట్టే ఉండేది.

ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. సదాశివం ముఖం కందగడ్డ అయింది. "ముందే చెప్పొద్దా మీరు? ఇన్నేళ్లుగా చేస్తున్నారు, ఈ మాత్రం తెలీదా?" అని అందరినీ కేకలేశాడు. కుండలు కడిగి, మళ్లీ నూనె పట్టించి దారికి తెచ్చుకునేసరికి రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. "ఈ నా కుండ, నీ కుండ అనే గొడవ ఇకమీదట ఉండకూడదు. పాకలో అందరూ సమానం. రోజూ గంట కొట్టగానే ఒక్కొక్కరు పక్క కుండకి జరగాలి," అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అయినా జరిగారు. ఇంకేముంది, ఒకరి కుండ మీద ఒకరి చెయ్యి పడేసరికి రేకులు చిరగడం మొదలైంది. పెద్ద మంటకి అలవాటైనవాళ్లు చిన్న మంట కుండని అదరగొట్టారు. ఆ దెబ్బకి మూడో రోజే బుల్లెమ్మ కుండకి వెంట్రుకవాసి బీట పడింది. చల్లగా ఉన్నప్పుడు కనిపించేది కాదు. వేడెక్కితే మాత్రం నోరు తెరిచేది. అక్కడ పిండి బుడగలొచ్చి, ప్రతి రేకూ నడుమకి చిరిగేది.

బుల్లెమ్మ వెళ్లి చెప్పింది. "కుండకి బీట పడిందండి. కొత్తది తెప్పించండి."

సదాశివం చల్లారిన కుండని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్కడమ్మా బీట? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అన్నాడు.

మాట పడ్డాక బుల్లెమ్మ మళ్లీ అటు వెళ్లలేదు. బుల్లెమ్మకే ఆ మాట పడిందంటే తమ గతేమిటని మిగతావాళ్లూ ఊరుకున్నారు.

రేకులు చిరిగినకొద్దీ సదాశివానికి పట్టుదల పెరిగింది. ఒక నల్లబోర్డు తెచ్చి గుమ్మం పక్కన తగిలించాడు. ఏ రోజు ఎవరి దగ్గర ఎక్కువ చిరిగితే వాళ్ల పేరు దాని మీద పెద్ద అక్షరాలతో రాసేవాడు. సోమవారం ఒక పేరు, మంగళవారం ఇంకో పేరు. అందరూ పన్నెండో కుండ దగ్గర కూచున్నవాళ్లే. పేర్లు మారుతున్నాయి గానీ కుండ మారడం లేదన్న సంగతి పాకలో అందరికీ తెలుసు, మేనేజరుకి తప్ప.

ఆ బుధవారం అతను గంట కొట్టి ఒక ప్రకటన చేశాడు. "వచ్చే సోమవారం పెళ్లికి పెద్ద ఆర్డరు వచ్చింది. ఇక మెత్తగా ఉంటే కుదరదు. శనివారం నాడు బోర్డు మీద ఎవరి పేరు ఉంటే, వాళ్లు కుండ దగ్గరనుంచి లేచి వాకిలి ఊడ్చే పనికి పోవాల్సిందే. మళ్లీ కుండ దగ్గరికి రావడం ఉండదు."

ఆడవాళ్లు వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నారు. ఇవాళ ఫలానా, రేపు ఫలానా, ఎల్లుండి ఫలానా. శనివారం పన్నెండో కుండ దగ్గర కూచోవలసింది నూకరత్నం.

రేకు తీయడం తప్ప ఆమెకు వేరే పని రాదు. వచ్చినా అక్కర్లేదు. పొద్దున్నే కుండ వీపు నిమిరి, మొదటి రేకు వెలుగులోకి ఎత్తి పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం ఆమెకు ఇంకెక్కడా దొరకదు.

"నీ బదులు నేను కూచుంటానే," అంది బుల్లెమ్మ.

"అప్పుడు నీ పేరు రాస్తారు. ఊడ్చేది నువ్వవుతావు. వద్దు."

"అయితే ఎల్లి చెప్పు. నేను ఎటకారంగా మాట్టాడతానని ఆయన నమ్మలేదు. నీ మాటైతే ఇంటారు."

నూకరత్నం చీరకొంగు బిగించి, మేనేజరు బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఏంటమ్మా?" అన్నాడు సదాశివం కాగితాల్లోంచి తలెత్తకుండా.

"ఏం లేదండి. మంచినీళ్లు కావాలేమో అనండి."

తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చి వచ్చేసింది. కాసేపాగి మళ్లీ ధైర్యం కూడగట్టుకుని వెళ్లింది. మళ్లీ మంచినీళ్లే. ఆ రోజు సదాశివం నాలుగు గ్లాసుల మంచినీళ్లు తాగాడు. ఈ పాకలో తనంటే ఎంత గౌరవమో అని మురిసిపోయాడు కూడా.

శనివారం రానే వచ్చింది. నూకరత్నం పన్నెండో కుండ దగ్గర కూచుంది. మంట తగ్గించి చూసింది, గుడ్డ పక్కకి లాగి చూసింది. బీట తగలకుండా అంచున తీస్తే నాలుగైదు రేకులు బాగానే లేచాయి. మిగతావన్నీ చిరిగాయి. పది గంటలు కాకముందే సదాశివం సుద్దముక్క తీసి బోర్డు మీద "నూకరత్నం" అని రాశాడు.

ఇరవై రెండేళ్లలో ఆమె పేరు ఎక్కడా అలా ఎక్కలేదు. అది చూసి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పొగ వంక పెట్టుకుని కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. పేరిందేవమ్మ గారు చేతికర్ర ఊతంతో దిగారు. పెళ్లివారు రాజమండ్రిలో ఆవిడకి తెలిసినవాళ్లే. వాళ్లకి పంపే రేకులు కళ్లారా చూసుకుందామని చెప్పాపెట్టకుండా వచ్చారు.

సదాశివం ఎదురెళ్లాడు. "రండమ్మా. అన్నీ నా పద్ధతిలో పెట్టాను. రేకులు చిరగడానికి కారణం ఎవరో కూడా ఇవాళ తేలిపోయింది," అని బోర్డు చూపించాడు.

ఆవిడ బోర్డు ఒకసారి చూశారు. బుట్టలోంచి ఒక మంచి రేకు తీసి, ఎండకేసి పట్టి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"చెయ్యి నూకరత్నానిది. కుండ బుల్లెమ్మది. ఇదెక్కడి జత?" అన్నారు. "ఏమ్మా నూకరత్నం, ఏం జరిగింది?"

సదాశివం నూకరత్నం వైపు గుడ్లురిమి చూశాడు.

"ఏం లేదండమ్మగారూ," అంది నూకరత్నం. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి నీళ్లబిందె వైపు వెళ్లింది.

"రత్నం, అమ్మగారికి దాహం లేదే," అంది బుల్లెమ్మ మెల్లగా.

నూకరత్నం చెయ్యి ఆగింది. బోర్డు మీద తన పేరు చూసింది. తన తర్వాత ఈ కుండ దగ్గర కూచోబోయే మనిషిని చూసింది. ఇవాళ తను ఊరుకుంటే ఈ బోర్డు మీద పేర్లు ఇలా ఎక్కుతూనే ఉంటాయి.

"ఉందండమ్మగారూ," అంది. "రోజుకో కుండ మార్చి కూచోబెడతన్నారండి. ఎవరి కుండ వాళ్లకే తెలుస్తుందండి. పరాయి చెయ్యి పడితే రేకు లేవదండి. చేతుల్లో తప్పు లేదండి."

మాట మధ్యలో ఆగలేదు. ఆ గొంతు అంత గట్టిగా వినడం పాకలో అందరికీ అదే మొదటిసారి. ఆమెకు కూడా.

సదాశివం నవ్వేశాడు. "విన్నారామ్మా ఈ విడ్డూరం? కుండేమైనా పాడిగేదా, ఒకరు పిండితేనే పాలివ్వడానికి?"

"గేదేనండి," అంది నూకరత్నం. "మీరు కూచుని చూడండి, తన్నుద్దండి."

పాకలో నవ్వులు ఘొల్లుమన్నాయి. పేరిందేవమ్మ గారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "సరే సదాశివం, ఆమె అడిగింది కదా. ఏ కుండయినా ఒకటే అంటున్నావు. నీకు నచ్చిన కుండ దగ్గర కూచుని ఒక్క రేకు తీసి చూపించు," అన్నారు.

వెనక్కి తగ్గితే పరువు పోతుంది. సదాశివం చొక్కా చేతులు మడిచి మొదటి కుండ దగ్గర కూచున్నాడు. గుడ్డ ముంచి కుండ మీద వేశాడు. అది అతుక్కుపోయింది. బలంగా లాగితే గుడ్డ వచ్చింది గానీ రేకు రాలేదు. రెండో కుండ మీద రేకు లేచింది, చూస్తే చిల్లుల బనీనులా ఉంది. మూడో దాని దగ్గర వేలు కాలింది. నాలుగో దాని దగ్గర కాలిన వేలు నోట్లో పెట్టుకోబోయి మీసాలకి పిండి పూసుకున్నాడు. అలా ఒక్కో కుండా దాటుతూ, చెమటలు కారుతూ, చివరికి పన్నెండో కుండ దగ్గరికి చేరాడు.

అక్కడ గుడ్డని నిండా ముంచి, పిండి ధారలు కారుతుండగా ధభీమని వేశాడు. వేడికి తెరుచుకుని ఉన్న బీటలోంచి పిండి కిందికి కారి మంటలో పడింది. బుస్సుమని పొగ లేచింది. మంట ఆరిపోయింది. పొగ తగ్గాక చూస్తే సదాశివం ముఖమంతా మసి, మసి మధ్యలో తెల్లటి మీసాలు.

ఒక్కరికి కూడా నవ్వు ఆగలేదు. కాలవలో బట్టలుతుకుతున్నవాళ్లు కూడా ఏమిటా అని గట్టెక్కి చూశారు.

"మద్దెల ఓడేమోనండి," అంది బుల్లెమ్మ వినయంగా. తర్వాత సుద్దముక్క తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇయ్యాళ ఎక్కువ చిరిగింది ఎవరి దగ్గరండి? పేరు తమరే రాసేయండి."

సదాశివం తల దించుకున్నాడు. సుద్దముక్క తీసుకుని లేచాడు. చెప్పిన మాట మీద నిలబడాలి కదా. బోర్డు దగ్గరికి వెళ్లాడు.

"ఆగండి," అంది నూకరత్నం. "ఆ కుండ దగ్గర ఎవరి పేరూ రాయకండి. దానికి బీట ఉందండి. మీరు కూచున్నా అంతే, నేను కూచున్నా అంతే. కుండ తప్పుకి మనిషిని ఊడవమనడం అన్యాయమండి. మీకైనా సరేనండి."

నవ్వులు ఆగిపోయాయి. సదాశివం వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. కాసేపటి క్రితం ఆమె పేరు తాను రాసినప్పుడు, ఆ మాట అనడానికి ఒక్క మనిషి కూడా లేకుండా చేసింది తనే అని అతనికి తెలిసొచ్చింది. కాలిన వేలికన్నా అదే ఎక్కువ మండింది.

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. ఈసారి అది కేకలా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

నూకరత్నం ఆలోచించింది. "బుల్లెమ్మ చెప్పింది, మీరు ఇనలేదండి. నేను నాలుగుసార్లు మీ బల్ల దాకా వచ్చాను, చెప్పలేదండి. ఇద్దరిదీ తప్పేనండి."

"ముగ్గురిదీ," అన్నారు పేరిందేవమ్మ గారు. "పని చూపించకుండా కుర్చీ చూపించి వెళ్లాను. అది నాది."

సదాశివం బోర్డు మీద ఉన్న పేరును అరచేత్తో శుభ్రంగా తుడిచేశాడు. ఆ పైన సుద్దముక్క నూకరత్నానికి అందించాడు. "రత్నమ్మగారూ, ఇక్కడ ఏం రాయాలో మీరే రాయండి."

ఆమె కాస్త మొహమాటపడింది, రాయకుండా మాత్రం ఉండలేదు. "పన్నెండో కుండ మార్చాలి" అని రాసింది.

ఆ సాయంత్రానికే కుమ్మరి బండి వచ్చింది. బుల్లెమ్మ పది కుండలు తట్టి, పదకొండోది ఏరుకుంది. అది మచ్చికయ్యేదాకా నూకరత్నం కుండ దగ్గర బుల్లెమ్మ మంట చూసేలా, రేకు నూకరత్నమే తీసేలా ఒప్పుకున్నారు. ఎవరి కుండ దగ్గరికి వాళ్లు చేరేసరికి రేకులు పావురాల్లా లేచాయి. ఆదివారం మధ్యాహ్నానికల్లా పెళ్లివారి బుట్టలు నిండిపోయాయి. ఆ వారమంతా చిరిగిన రేకులు కుప్పగా పడి ఉన్నాయి కదా, వాటి మీద బెల్లం కోరు చల్లించి, నెయ్యి పోయించారు పేరిందేవమ్మ గారు. అందరూ చుట్టూ కూచుని తిన్నారు. సదాశివానికి మొదటి ముద్ద బుల్లెమ్మే పెట్టింది. "తినండి, ఇందులో తమరు తీసినవీ ఉన్నాయి," అంది. ఈసారి అతను కూడా నవ్వాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున ఒక గంటసేపు సదాశివం కుండల దగ్గర కూచుని మంటకి కొబ్బరాకులు అందించేవాడు. అది పేరిందేవమ్మ గారు నెల రోజులకని పెట్టిన షరతు. నెల అయిపోయాక కూడా అతను మానలేదు. బోర్డు మాత్రం అక్కడే ఉండేది. ఆడవాళ్లు తమకేం కావాలో, ఏది సరిగ్గా లేదో దాని మీద రాసేవారు. అతను రోజూ చదివి, పని అయ్యాక తుడిచేవాడు.

కొన్నాళ్లకి ఆ పెళ్లివారు పలకరించడానికి వచ్చారు. "మీ ఆధ్వర్యంలో రేకులు అద్భుతంగా వచ్చాయండి," అన్నారు సదాశివంతో.

"నాదేం లేదండి. నేను కొబ్బరాకులు అందించేవాణ్ణి. రేకులు వాళ్లవి," అన్నాడు అతను. అంటూ, ఆకుల మోపుతో ముందు కనపడక నూకరత్నం కాలు తొక్కాడు.

బుల్లెమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

"మేనేజరుగారూ," అంది నూకరత్నం తాపీగా, "నా కాలు మీద మీ కాలుందండి. తీయండి."

పాక పాకంతా చప్పట్లు కొట్టింది.

పని తెలిసినవారు మొహమాటపడకుండా నోరు విప్పి చెప్పాలి, పని చేయించేవారు చెవి పెట్టి వినాలి. ఏ తప్పుకైనా మనిషి పేరు రాసే ముందు, కుండకి బీట ఉందేమో చూసుకోవాలి.